మంచి నవల కావాలంటే ఎలా అడగాలి, చదివింది ఎలా చెప్పాలి

"ఏదైనా మంచి నవల ఉంటే చెప్పండి" అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఎప్పుడూ ఒకటే. అందరికీ తెలిసిన పది పేర్లు వస్తాయి. వాటిలో సగం మీరు చదివేసినవే ఉంటాయి, మిగతావి ఎప్పుడో మొదలుపెట్టి పక్కన పడేసినవి. చెప్పినవాళ్ల తప్పేం లేదు. మీకేం కావాలో తెలియనప్పుడు ఎవరైనా తమకు నచ్చిందే చెబుతారు. అభిప్రాయాల సంగతీ అంతే. "అద్భుతం, తప్పక చదవాలి" అన్న మాట విన్నవాళ్లకు ఆ నవల తమకు పడుతుందో లేదో అంతుపట్టదు. రెండు చోట్లా కొరవడేది కారణమే. ఏది ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో చెప్పగలిగితే అడగడం, ఎంచుకోవడం, చెప్పడం మూడూ తేలికవుతాయి.

అడిగే ముందు ఐదు వాక్యాలు రాసుకోండి

ఈ మధ్య రెండు మూడేళ్లలో చదివినవాటిలోంచి బాగా నచ్చిన మూడు నవలల పేర్లు, మధ్యలో వదిలేసిన రెండు పేర్లు కాగితం మీద పెట్టండి. స్కూలు రోజుల్లో చదివినవాటిని ఇందులోకి తేకండి. అప్పటి ఇష్టం నిజమే కానీ, ఇప్పుడు అదే నవల తెరిస్తే అంతే ఇష్టంగా చదువుతారన్న నమ్మకం లేదు.

ఒక్కో పేరు పక్కన ఒక్క వాక్యం రాయాలి. ఆ వాక్యంలో కథ ఉండకూడదు, చదువుతున్నప్పుడు మీకు ఏం జరిగిందో ఉండాలి. ఉదాహరణకు "ఉమ్మడి కుటుంబంలో ఆస్తి తగాదాల కథ" అని రాశారనుకోండి. అది చూసినవాళ్లు ఆస్తి తగాదాల నవలలు పది చెబుతారు, వాటిలో ఒక్కటీ మీకు నచ్చకపోవచ్చు. అదే నవల గురించి "భోజనాల దగ్గర అందరూ మామూలుగానే మాట్లాడుకుంటారు, కానీ ఎవరు ఎవరి మీద రగిలిపోతున్నారో మనకు తెలుస్తూనే ఉంటుంది" అని రాస్తే మీకు కావలసింది పైకి చెప్పని కోపాలు, మాటల కింద మాటలు అని తేలుతుంది. అలాంటి నవల ఆఫీసులో జరగవచ్చు, యుద్ధంలోనూ జరగవచ్చు.

వాక్యం తట్టకపోతే నవలను నాలుగు వైపుల నుంచి చూడండి. మిమ్మల్ని లాక్కెళ్లింది తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రమా? కథ చెబుతున్న గొంతా? మనుషులా? లేక ఆ ఊరు, ఆ కాలం, ఆ వృత్తి, వాటి వివరాలా? ఎక్కువమందికి వీటిలో రెండు ఉంటే చాలు, మిగతావి కాస్త తక్కువైనా సర్దుకుంటారు. మీ రెండూ ఏవో తెలుసుకోవడమే ఈ పనిలో ముఖ్యమైన భాగం.

వదిలేసిన నవలలు నచ్చినవాటికంటే ఎక్కువ చెబుతాయి. ఎక్కడ వదిలేశారో గుర్తు చేసుకోండి. మొదటి ముప్పై పేజీల్లోనే వదిలేశారంటే చాలాసార్లు భాషో గొంతో పడలేదని అర్థం. సగంలో ఆగిపోయారంటే కథలో ఇక తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదనిపించి ఉంటుంది. చివరి దాకా వెళ్లి ఆగారంటే ఒక పాత్రకు జరగబోయేది చూడలేక ఆగి ఉండవచ్చు, అది ఆ నవల బలమే కావచ్చు. మూడూ వేర్వేరు కారణాలు. మూడింటికీ "బోర్ కొట్టింది" అనేస్తే ఎదుటివాళ్లకు ఏమీ అందదు.

హద్దులు ముందే చెప్పండి

నిడివి ఎంత ఉండొచ్చో అంకెల్లో చెప్పాలి. "చిన్న నవల" అంటే ఒకరి దృష్టిలో నూట ఇరవై పేజీలు, ఇంకొకరి దృష్టిలో మూడు వందలు. అనువాదాలు పర్వాలేదా, సిరీస్ అయితే చదువుతారా, ఒక్క పుస్తకంతో ముగిసిపోవాలా అన్నదీ చెప్పండి. మీరు చదవలేని విషయాలు ఉంటే (పిల్లల మరణం, లైంగిక హింస, జబ్బు) సంకోచం లేకుండా రాయండి. దానికి సంజాయిషీ అక్కర్లేదు.

ఆడియోలో వినేవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఒకే మనిషి "నేను" అంటూ చెప్పుకుపోయే నవల వినడానికి హాయిగా ఉంటుంది. కాలం ముందుకూ వెనక్కూ దూకే నవలలు, డజన్లకొద్దీ పాత్రలున్నవి వింటుంటే తప్పిపోతారు. పాత రష్యన్ నవలల్లో ఒకే మనిషిని ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట తండ్రి పేరు కలిపి, ఇంకోచోట ముద్దుపేరుతో పిలుస్తుంటారు. అచ్చు పుస్తకంలో అయితే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, ఆడియోలో ఆ వీలు తక్కువ. అలాంటి నవల వినాలనుకుంటే పాత్రల జాబితా ఒక కాగితం మీద దగ్గర పెట్టుకోవాలి.

ప్రశ్న ఎలా ఉండాలి

ఏడెనిమిది వాక్యాలు చాలు. అంతకు మించితే సగం మంది చదవరు. ఈ తరహాలో రాయండి:

"రెండు వందల యాభై పేజీల లోపు నవల కావాలి. అనువాదమైనా పర్వాలేదు. నమ్మదగని మనిషి తన కథ తానే చెప్పుకునే నవలలు ఇష్టం, అతను దాచేది మనకు మెల్లగా తెలియాలి. హత్య, విచారణ ఉండనక్కర్లేదు. ఇలాంటివి రెండు చదివాను (పేర్లు). మూడోది సగంలో వదిలేశాను (పేరు), ఎందుకంటే చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. ఒక్క పేరే చెప్పండి, ఎందుకు చెబుతున్నారో ఒక వాక్యం రాయండి."

ఇందులో చివరి వాక్యమే అసలు పని చేస్తుంది. ఒక్కటే చెప్పమంటే ఎదుటివాళ్లు ఆలోచిస్తారు. ఎన్నైనా చెప్పొచ్చంటే తమ అలమరలో ఉన్న పుస్తకాల పేర్లన్నీ రాసేస్తారు. వదిలేసిన నవల పేరు, కారణం రాయడం కూడా తప్పనిసరి. అది లేకపోతే సరిగ్గా అలాంటిదే ఇంకొకటి మీ చేతిలో పెడతారు.

"ఫలానా రచయితలా రాసేవాళ్లు ఎవరున్నారు" అని అడగడంలో ఒక చిక్కుంది. ఒకే రచయిత రకరకాలుగా రాస్తాడు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' క్షుద్రవిద్య చుట్టూ తిరిగే భయానక నవల, 'వెన్నెల్లో ఆడపిల్ల' ప్రేమకథ. "యండమూరి నవలల్లాంటివి కావాలి" అంటే ఈ రెండింటిలో మీ మనసులో ఉన్నది ఏదో చెప్పినట్టు కాదు. రచయిత పేరుతో పాటు నవల పేరు కూడా చెప్పండి, అందులో ఏ లక్షణం కావాలో చెప్పండి.

"చారిత్రక నవల", "ప్రేమ నవల", "థ్రిల్లర్" లాంటి మాటలూ ఇంతే. చారిత్రక నవల అడిగేవాళ్లలో కొందరికి ఆ కాలం గురించి తెలుసుకోవాలని ఉంటుంది, కొందరికి రాజులూ కత్తులూ కుట్రలూ కావాలి. మొదటివాళ్లకు రెండోవాళ్ల నవల ఇస్తే పది పేజీలకే మూసేస్తారు.

ఎవరిని అడగాలి

బాగా చదివినవాళ్లు దొరికితే మంచిదే. కానీ అంతకంటే ముఖ్యం వాళ్ల ఇష్టాయిష్టాలు మీకు తెలియడం. ఒకరిని నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికి మీకు నచ్చిన నవల గురించి వాళ్లేమన్నారో చూడకండి, మీకు నచ్చని నవల గురించి ఏమన్నారో చూడండి. పేరున్న నవలను మెచ్చుకునేవాళ్లు వేలల్లో ఉంటారు. మీరు ఏ కారణంతో ఒక నవలను పక్కన పెట్టారో అదే కారణం ఇంకొకరు చెబితే ఆ మనిషి మీకు పనికొస్తారు.

మీ అభిరుచికి పూర్తిగా ఎదురుగా ఉన్నవాళ్లు కూడా పనికొస్తారు, వాళ్లు నిలకడగా ఉంటే. "ఏమీ జరగదు, అంతా వర్ణనే" అని ఒకరు విసుక్కున్న నవలలు మీకు వరుసగా నచ్చుతూ వచ్చాయంటే వాళ్ల ఫిర్యాదు మీకు ఆహ్వానం కిందే లెక్క.

వచ్చిన పేర్లను వడగట్టండి

ఇరవై పేర్లు వచ్చాయనుకుందాం. కారణం రాయకుండా ఉత్త పేరు రాసినవాటిని ముందు పక్కన పెట్టండి. మిగిలినవాటిలో ఇద్దరు వేర్వేరు కారణాలతో చెప్పిన నవల ఉంటే అది ముందుకు రావాలి. ఒకరు మాటల కోసం, మరొకరు ముగింపు కోసం ఇష్టపడ్డారంటే ఆ నవలలో పట్టుకోవడానికి ఒకటి కాదు, రెండు చోట్లున్నాయి. చివరికి రెండు మూడు కంటే ఎక్కువ మిగల్చకండి. పొడవాటి జాబితా చూసుకోవడానికి బాగుంటుంది గానీ అందులోంచి ఒకటి తీసి మొదలుపెట్టడం జరగదు.

ఎంచుకున్న ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని రాసి ఉంచండి. ఆరు నెలల తర్వాత పుస్తకం చేతికొచ్చేసరికి కారణం గుర్తుండదు. ఏం ఆశించాలో తెలియకుండా చదివితే మంచి నవల కూడా జారిపోతుంది.

తర్వాత అది ఏ కూర్పో (ఎడిషనో) చూడండి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు, దీనివల్ల జరిగే గందరగోళం మాత్రం చాలా ఉంది. 'బారిస్టర్ పార్వతీశం' మూడు భాగాలు. మొదటి భాగం ఒక్కటే చదివి "ఇంతేనా, మధ్యలో ఆగిపోయింది" అనుకునేవాళ్లుంటారు. 'డాన్ కిహోటే' మొదటి భాగం 1605లో వచ్చింది, రెండోది పదేళ్ల తర్వాత 1615లో. ఒక్క సంపుటంగా అమ్మే సంక్షిప్త అనువాదాల్లో రెండో భాగం ఎంత మిగిలిందో చూసుకోవాలి. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో మొదట వచ్చినదీ, 1831లో ఆమే సవరించినదీ ఒకటి కావు, ఈ రోజుకీ రెండూ అచ్చవుతున్నాయి. అన్నిటికంటే పెద్ద తేడా 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్'ది. 1962లో వచ్చిన ఈ నవల అమెరికా కూర్పులో చివరిదైన ఇరవై ఒకటో అధ్యాయం తీసేశారు. 1986 దాకా అక్కడి పాఠకులు చదివినది వేరే ముగింపు. నవల ముగింపు మీద ఇద్దరు గట్టిగా వాదించుకుంటున్నారంటే ఇద్దరూ ఒకే పుస్తకం చదివారో లేదో ముందు కనుక్కోవాలి.

అనువాదమైతే అనువాదకుల పేరు, "సంక్షిప్తం" అన్న మాట ఉందా లేదా, మూల భాష నుంచి నేరుగా చేశారా లేక ఇంగ్లీషు మీదుగా వచ్చిందా చూడండి. ఇవి సాధారణంగా లోపలి పేజీల్లో, ప్రచురణ వివరాలున్న చోట ఉంటాయి.

కొనే ముందో, తెచ్చుకునే ముందో నమూనా చదవండి. మొదటి ఐదు పేజీలు చదివాక నవల మధ్యలో ఎక్కడో రెండు పేజీలు తెరవండి. మొదటి అధ్యాయాన్ని రచయితా ఎడిటరూ ఎన్నోసార్లు చెక్కి ఉంటారు. రచయిత మామూలు నడక తెలిసేది మధ్యలోనే. అక్కడ సంభాషణ ఎలా ఉందో చూడండి. ఎవరు మాట్లాడుతున్నారో పేరు లేకుండానే తెలుస్తోందంటే మనుషుల కోసం చదివేవాళ్లకు అది మంచి గుర్తు.

ఎన్ని పేజీల దాకా ఓపిక పట్టాలి

అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పర్ల్ చెప్పిన యాభై పేజీల సూత్రం చాలామంది పాటిస్తారు. యాభై పేజీలు చదివి చూడాలి, నచ్చకపోతే వదిలేయవచ్చు. యాభై ఏళ్లు దాటినవాళ్లు నూరులోంచి తమ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే సరిపోతుంది. మామూలు నిడివి నవలలకు ఇది బాగానే నడుస్తుంది. ఎనిమిది వందల పేజీల నవలకు యాభై పేజీలంటే ఇంకా గుమ్మంలోనే ఉన్నట్టు, కనీసం పదో వంతు చదవండి.

మాండలికంలో రాసిన నవలలకు వేరే పద్ధతి కావాలి. అలవాటు లేని యాసకు చెవి పట్టడానికి కొంత సమయం పడుతుంది. మొదటి అధ్యాయం పైకి చదవండి. కళ్లకు అడ్డుపడిన మాటలు నోటికొచ్చేసరికి విడివడతాయి. తెలియని ప్రతి మాట దగ్గరా ఆగి అర్థం వెతకొద్దు. అదే మాట మూడోసారి వచ్చేసరికి సందర్భమే చెప్పేస్తుంది. ఇలా ఒక అధ్యాయం చదివాక కూడా పడకపోతే అప్పుడు వదలండి.

వదిలేసినప్పుడు పేజీ నంబరు, కారణం రాసుకోండి. తర్వాతిసారి ప్రశ్న రాసేటప్పుడు ఇదే ముడిసరుకు.

అభిప్రాయం రాసేటప్పుడు

చదివిన రెండు రోజుల లోపు రాయండి. వారం దాటితే కథ గుర్తుంటుంది గానీ చదువుతున్నప్పటి అనుభవం చెదిరిపోతుంది. చదువుతుండగానే మూడు నాలుగు చోట్ల పేజీ నంబరు రాసుకుంటే ఇంకా మంచిది. ఆగి మళ్లీ చదివిన చోటు, నమ్మలేకపోయిన చోటు, పేజీలు దాటేసిన చోటు గుర్తు పెట్టుకోండి. దాటేసిన చోటు గురించి చాలామంది చెప్పరు. చదవబోయేవాళ్లకు అది చాలా అవసరమైన సమాచారం.

ముందుగా నవల ఏం చేయాలనుకుందో రెండు వాక్యాల్లో చెప్పండి. అది ఎంతవరకు చేయగలిగిందో తర్వాత. హాస్య నవలను లోతు లేదని, ఒక్కరోజు కథను సంఘటనలు లేవని తప్పుపడితే అది నవల మీద అభిప్రాయం కాదు. 'అంపశయ్య' ఒక విద్యార్థి ఒక్క రోజులో మనసులో సాగే ఆలోచనల ప్రవాహం. దానిలో మలుపులు వెతికేవాళ్లకు ఈ ఒక్క వాక్యం ముందే చెబితే సమయం మిగులుతుంది, మనసులోకి చూడాలనుకునేవాళ్లకు అదే వాక్యం పుస్తకాన్ని దగ్గర చేస్తుంది.

పొగడ్త మాటలను విప్పి చెప్పాలి. "చదివించే గుణం ఉంది" అన్నదే తీసుకోండి. అధ్యాయాలు చిన్నవా? ప్రతి అధ్యాయం ఒక ప్రశ్నతో ఆగుతుందా? లేక వాక్యాలే నీళ్లలా సాగుతాయా? మూడూ "చదివించే గుణమే", కానీ మూడు వేర్వేరు నవలలు. "పాత్రలు సజీవంగా ఉన్నాయి" అనే చోట ఒక పాత్ర చేసే చిన్న పని చెప్పండి: అప్పిచ్చినవాడు ఎదురుపడగానే ముందుగా వాళ్లమ్మాయి చదువు గురించి అడిగే మనిషి. ఆ ఒక్క వివరంతో పాత్ర కళ్లముందు నిలబడుతుంది.

నచ్చనిదాన్ని రెండుగా విడదీయండి. "నాకు పడలేదు" వేరు, "నవలలో లోపం ఉంది" వేరు. నెమ్మదిగా సాగడం మీకు పడకపోవచ్చు. మొదటి అధ్యాయంలో చదువు రాదన్న మనిషి పదో అధ్యాయంలో ఏ వివరణా లేకుండా ఉత్తరం చదివితే అది లోపం. లోపం అన్నప్పుడు ఎక్కడో చూపించాలి. ఇంకొక పొరపాటు కథ చెప్పే పాత్ర అభిప్రాయాలను రచయితకు అంటగట్టడం. "నేను" అంటున్న మనిషి క్రూరంగా, అహంకారంగా మాట్లాడితే, మిగతా పాత్రలు అతన్ని ఎలా చూస్తున్నాయో, జరిగిన సంఘటనలు అతని మాటను నిలబెడుతున్నాయో కాదంటున్నాయో చూశాకే రచయిత ఎటువైపు ఉన్నాడో అనాలి.

కథ ఎంతవరకు చెప్పొచ్చు? మొదటి పావు భాగంలో జరిగేది చెబితే చాలు, అది దాటొద్దు. "చివర్లో ఊహించని మలుపు ఉంది" అనడం కూడా గుట్టు విప్పడమే. ఆ మాట విన్నవాళ్లు మొదటి పేజీ నుంచీ మలుపు కోసమే వెతుకుతూ చదువుతారు, అది వచ్చేసరికి ఊహించేసి ఉంటారు. మలుపు ఉన్న నవలను దాని వాతావరణం కోసం, మనుషుల కోసం సిఫారసు చేయండి, మలుపును రచయితకు వదిలేయండి. ముగింపు గురించి మాట్లాడి తీరాలనుకుంటే ఆ సంగతి ముందుగా ఒక వాక్యంలో హెచ్చరించి, వేరే పేరాలో రాయండి.

చివరగా ఎవరికి నచ్చదో చెప్పండి. "ఎవరికైనా నచ్చుతుంది" అన్న మాట మీద ఎవరూ పుస్తకం తీయరు. "సంభాషణలు ఎక్కువ కావాలనుకునేవాళ్లకు పడదు, మొదటి అరవై పేజీలు ఊరి వర్ణనే" అంటే పది మంది తప్పుకుంటారు, సరైన ఇద్దరు తీసుకుంటారు.

ఇంకొకరికి నవల చెప్పేటప్పుడు

మీరు అడగకుండా వాళ్లు వివరాలన్నీ ఇచ్చి ఉండరు కాబట్టి మీరే రెండు ప్రశ్నలు వేయండి: ఈ మధ్య ఆపకుండా చదివింది ఏది, మధ్యలో ఆపేసింది ఏది. జవాబులు విన్నాక మీకు అత్యంత ఇష్టమైన నవల వాళ్లకు సరిపోదని తేలితే దాన్ని నోటిదాకా రానివ్వకండి. ఇది కష్టమైన పనే. మనకు ప్రాణమైన పుస్తకం ఎదుటివాళ్లకూ నచ్చాలని ఉంటుంది. కానీ వాళ్లు అడిగింది తమకు కావలసిన పుస్తకం.

ఎప్పుడో పదిహేనేళ్ల కిందట చదివినదాన్ని జ్ఞాపకం మీద చెప్పేముందు ఇరవై పేజీలు తిరగేయండి. గుర్తున్న సన్నివేశం ఒకటే కావచ్చు, దాని చుట్టూ ఉన్న రెండు వందల పేజీలు మరిచిపోయి ఉండవచ్చు. పాత నవలల్లో ఆడవాళ్ల గురించి, కులాల గురించి రాసిన తీరు ఇప్పుడు చదివేవాళ్లను ఎక్కడ ఇబ్బంది పెడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. అది ముందే చెప్పి ఇవ్వండి.

ఒకటి చెప్పండి, మహా అయితే రెండు. మొదటిది వాళ్లు అడిగినదానికి దగ్గరగా ఉండాలి, రెండోది ఒక్క లక్షణంలో పక్కకు జరగాలి. అదే గొంతు, వేరే లోకం. లేదా అదే లోకం, వేరే నడక. రెండు లక్షణాలూ ఒకేసారి మారితే ఆ సిఫారసుకూ వాళ్లు అడిగినదానికీ సంబంధం తెగిపోతుంది. అడ్డుపడే చోటు ఉంటే అది ఎంతవరకో చెప్పండి: "మూడో అధ్యాయం దాకా పేర్లు కలగాపులగంగా ఉంటాయి, తర్వాత నలుగురే మిగులుతారు." ఇలా ఒక గీత కనిపిస్తే చదివేవాళ్లు అక్కడిదాకా వెళ్తారు. "కాస్త ఓపిక పట్టండి, తర్వాత బాగుంటుంది" అంటే ఎంత ఓపికో తెలియక ఆగిపోతారు.

చెప్పాక వదిలేయండి. "మొదలుపెట్టారా, ఎక్కడిదాకా వచ్చారు" అని రెండుసార్లు అడిగితే ఆ పుస్తకం వాళ్లకు హోంవర్క్ అయిపోతుంది.

మీకు ఎవరైనా నవల చెబితే మాత్రం చదివాక వాళ్లకు తప్పకుండా తెలియజేయండి, నచ్చకపోయినా సరే. "మీరు చెప్పిన గొంతు నిజంగా బాగుంది, కానీ రెండో సగంలో తమ్ముడి కథ మొదలయ్యాక పట్టు సడలింది, నూట నలభయ్యో పేజీలో ఆపేశాను" అని రాస్తే చాలు. వాళ్లు తర్వాత చెప్పే నవలలో తమ్ముడి కథ ఉండదు.